కాకికి ఇచ్చిన మాట

జూన్ 23

ఈరోజు నేను చేసిన తెలివితక్కువ పని ఎవరికి చెప్పినా నవ్వుతారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మా బడిలో లెక్కలు, ఫుట్‌బాల్ నేర్పిన దశరథం సార్ పోయి ఇవాళ మూడో రోజు. తాపీ నది ఒడ్డున పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. స్కూలు తరఫున హెడ్మాస్టర్ సదానందం గారు, నేను, ఫుట్‌బాల్ టీములోని అమ్మాయిలు వెళ్లాం. రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని, ఇలాంటివి దగ్గరగా చూడటం నాకు ఇదే మొదలు. మగ్గాల వాళ్లు సూరత్ వచ్చి ఇన్నేళ్లయినా ఊళ్లో చేసేవాటిలో ఒక్కటి కూడా వదల్లేదు. విస్తట్లో అన్నం, మటన్, సర్వపిండి, పక్కన చిన్న సీసా. ఆవిరి మీద ఉడికించిన శనగపిండి లోచో కూడా పెట్టారు. పొద్దున బడికి వచ్చే దారిలో బండి దగ్గర నిలబడి సార్ రోజూ తినేది అదే.

కాకులకు కొదవ లేదు, చెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. పావురాలు మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చాయి. సార్ తమ్ముడు తువ్వాలుతో వాటిని తోలుతూనే ఉన్నాడు. పిట్ట ముట్టలేదంటే పోయిన మనిషికి మనసులో ఏదో మిగిలిపోయిందట. అదేమిటో దగ్గరివాళ్లే ఊహించి, ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటివ్వాలి. సరైన మాట పడితే కాకి దిగుతుంది.

సార్ భార్య స్వరాజ్యం అక్క ముందు వచ్చింది. "పోరని పెండ్లి మంచిగ చేస్త, నువ్వు రంది వెట్టుకోకు" అంది. కాకి రాలేదు. తమ్ముడు ఊళ్లో ఇంటి గోడ పంచాయితీ వదిలేస్తానన్నాడు. రాలేదు. సార్ తల్లి వెంకటవ్వ ఖాతాల్లో, అంటే మరమగ్గాల షెడ్లలో, ఆ మోతకి చెవులు పోగొట్టుకున్న మనిషి. "అరే దశరతం, నా గురించా బిడ్డా? నాకేం గాదు రా, తిను" అని ఒడ్డంతా వినపడేలా కేకేసింది. దానికీ రాలేదు. సదానందం గారు గొంతు సవరించుకుని పెన్షన్ కాగితాలు స్వయంగా చూస్తానన్నారు. కాకులు ఆయన వైపు తలైనా తిప్పలేదు.

ఎండకి మాడు పగిలిపోతోంది. స్వరాజ్యం అక్క మా వైపు తిరిగింది. "ఆయన పాణమంత బడి మీదనే ఉండె. మీరేమన్న అనుండ్రి" అంది. అమ్మాయిలు నా వైపు చూశారు. నేను ముందుకొచ్చాను. "సార్, టీమును నేను చూసుకుంటాను" అన్నాను.

కాకి దిగింది. మటన్ ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

అందరూ నన్నే చూశారు. స్వరాజ్యం అక్క నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేను సైన్సు టీచర్ని. బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఫుట్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. ఎండకి తల తిరిగి అన్నాను, అంతే.

జూన్ 24

ఫణికి చెప్పాను. "కాకితో అగ్రిమెంటు చెల్లదు సుప్రజా, స్టాంపు పేపరు లేదుగా" అన్నాడు. బ్యాంకు మొగుడు ఇంకేమంటాడు.

జూన్ 26

స్కూల్లో సంతాప సభ. సదానందం గారు చాలా బాగా మాట్లాడారు. "గోల్ పడటం చూసి తట్టుకోలేక ప్రాణం విడిచిన మహానుభావుడు. పిల్లల మీద, ఆట మీద అంత ప్రేమ ఎవరికుంటుంది!" అన్నారు. హాలంతా ఏడ్చింది. నేను చప్పట్లు కూడా కొట్టాను. సంతాప సభలో చప్పట్లేమిటని తర్వాత సిగ్గేసింది.

ఆ రోజు నేను గ్రౌండులో లేను. పిల్లలు చెప్పిందే నాకు తెలుసు. పక్క స్కూలుతో ఊరికే ఆడిన మ్యాచ్. సార్ ఎప్పటిలాగే లైను పక్కన, దారం కండెలు పెట్టే ప్లాస్టిక్ క్రేటు బోర్లించుకుని కూర్చున్నారు. బంతి మన గోల్‌లోకి పోయింది. సార్ లేచారు, చెయ్యెత్తారు, పడిపోయారు. డాక్టరు గుండెపోటు అన్నారు. ఆస్పత్రి గేటు దాటకముందే అయిపోయిందట.

జూన్ 30

మొదటి రోజు ప్రాక్టీసు. ఫోనులో రూల్సు చదువుకుని వెళ్లాను. విజిల్ ఊదితే పిల్లలతో పాటు బమ్రోలి రోడ్డు మీద ఇద్దరు ఆటోవాళ్లు కూడా ఆగారు.

క్రేటు లైను పక్కన బోర్లించి ఉంది. నేను పెట్టలేదు. "రోజు పెడ్తం మేడం" అంది కెప్టెన్ హారతి. ఎవరూ దాని మీద కూర్చోరు, అడ్డంగా ఉన్నా జరపరు, దాని చుట్టూ తిరిగి వెళ్తారు. "మీరు కూసోండ్రి" అంది. నిలబడే ఉంటానని చెప్పాను. కూర్చుంటే లేవాలి కదా.

ఒక సమస్య ఉంది. గోల్‌కీపర్ రుచిత ఆడటం లేదు. బడికి వస్తుంది, గ్రౌండుకి వస్తుంది, నెట్టు కడుతుంది, నీళ్లు మోస్తుంది. బంతి మాత్రం ముట్టదు. దొర్లుతూ కాళ్ల దగ్గరికి వస్తే పామును చూసినట్టు పక్కకి తప్పుకుంటుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. కానీ రెండు బకెట్లు రెండు చేతుల్లో పట్టుకుని గ్రౌండు దాటేసింది.

స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లకి సార్ వేసవిలోనే రుచిత పేరు పంపారట. ఆగస్టులో మా మొదటి మ్యాచ్ చూడటానికి సెలక్టర్లు వస్తారు. ఆ రోజు ఆ పిల్ల గోల్‌లో నిలబడితే హాస్టలు, తిండి, చదువు. నిలబడకపోతే పదో తరగతి తర్వాత తల్లి పక్కన కూర్చుని చీరలు మడత పెట్టడమే. సదానందం గారు ఇదంతా చెప్పి, "దశరథం ఆశ అదే అమ్మా" అన్నారు. నాకేం భయం లేదు. వారంలో ఆడిస్తాను.

జూలై 3

గోల్‌పోస్టు మీద కాకి. కాకులు ఎక్కడైనా వాలతాయి.

జూలై 4

ఇవాళ కూడా. రెక్కలో ఒక ఈక పక్కకి వంగి ఉంది. నిన్నటి కాకికి వంగి ఉందో లేదో నేను చూడలేదు. కాబట్టి అదే కాకి అనడానికి ఆధారం లేదు.

జూలై 7

రుచిత వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది. గది నిండా చీరలు, మనుషులు కూర్చోవడానికి మిగిలింది గడప. వాళ్లమ్మ కొమురవ్వ మాట్లాడుతూనే మడతలు వేస్తోంది. మధ్యలో మరక ఉన్న ఒక చీర పక్కన పడేసింది.

"గిది దాగు పడ్డది మేడం. మగ్గం మీద ఎవ్వనికి కనవడది, రంగులేసేటోనికి కనవడది. ఆఖర్న నా చేతికొచ్చినంకనే కనవడతది. షేటు నన్ను తిడతడు" అంది.

రుచిత గురించి అడిగాను. "ఇంట్ల గూడ బాలు ముడ్తలేదు. తమ్ముని రబ్బరు బాలు మంచం కిందికి పోతే, తియ్యవే అంటె తియ్యది. కర్రతోటి నూకుతది. ఏందోమరి, సార్ పోయినకాడికెల్లి గిట్లనే" అంది. రుచిత గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఎన్ని అడిగినా తల ఎత్తలేదు.

వచ్చేటప్పుడు కొమురవ్వ సందు చివరిదాకా వచ్చింది. "జర మీరన్న సూడుండ్రి మేడం. సార్ అయితే రోజు పొద్దుగాల అచ్చి తలుపు కొడ్తుండె. ఆయన కొడ్తెనే ఇది లేస్తుండె" అంది.

జూలై 9

సార్ రోజూ తలుపులు కొట్టేవారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. హారతిని అడిగాను. పదకొండు మందివీ కొట్టేవారట. ఐదింటికి బమ్రోలిలో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ వెంటేసుకుని, గ్రౌండుకి చేరేసరికి వెనక ఒక ఊరేగింపు. నిక్కర్లు వేసుకుంటే పరువు పోతుందన్న నాన్నల దగ్గర కూర్చుని, వాళ్లకి టీ పోయించి, నిక్కరు కింద లెగ్గింగు వేయిస్తానని ఒప్పించారట. మళ్లీ తొమ్మిదింటికల్లా పదో తరగతికి లెక్కలు. కార్నర్ కిక్కుతో కోణాలు చెప్పేవారు. ఆయన క్లాసులో తప్పిన పిల్ల నాకు గుర్తులేదు.

ఆయనా మగ్గం మీద పెరిగినవాడే. రాత్రి షిఫ్టు చేసి పగలు బి.ఎడ్. చదివారు. స్టాఫ్‌రూమ్‌లో నా ఎదురు కుర్చీ ఆయనది. నేను ఏది చెప్పినా "అవునా మేడం?" అని పేపర్లు దిద్దడం ఆపి వినేవారు. కిరణజన్య సంయోగక్రియ గురించి కూడా విన్నారు. ఇంట్లో, బడిలో నా మాట పూర్తయ్యేదాకా విన్న మనిషి ఆయనొక్కరే అని ఇప్పుడు తోస్తోంది. ఆ కుర్చీలో కొత్త లెక్కల మాస్టారు కూర్చుంటున్నాడు. లేవమని అందామని రోజూ అనుకుంటున్నాను.

జూలై 11

నేను "ఏంది" అంటున్నానని ఫణి కనిపెట్టాడు. పాలవాడితో కూడా "జర ఆగు" అన్నానట. పిల్లల మధ్య తిరిగితే అబ్బుతుంది, అందులో వింతేముంది.

జూలై 12

కాకి. వంగిన ఈక.

జూలై 15

ఇవాళ్టిది రాయాలి.

వాన వెలిశాక ప్రాక్టీసు పెట్టాను. రుచిత ఆడటం లేదు కాబట్టి హారతి గోల్‌లో నిలబడుతోంది. పొట్టి పిల్ల, పాపం, బంతి తగిలి వేలు వాచిపోయింది. రుచిత బకెట్టు పట్టుకుని చూస్తూ ఉంది. నాకు ఒళ్లు మండింది.

"నీకోసం సార్ ఎంత తిరిగారే! ఆయనకి నేను మాటిచ్చాను. కాకి సాక్షిగా ఇచ్చాను. నువ్వూ చూశావు కదా!" అని అరిచాను.

బకెట్టు కింద పెట్టింది. ఎప్పుడూ ఎత్తని తల ఎత్తింది.

"గా కాకి మీ మాటకు రాలె మేడం. నా మాటకొచ్చింది" అంది.

"ఏం మాట?"

"మీరు టీమును సూస్త అన్నప్పుడే నేను గూడ మనసుల అన్న. ఇగ ఎప్పుడు బాలు ముట్ట సార్, మీరు తినుండ్రి అని. గప్పుడే దిగింది. సార్ ఒప్పుకున్నడు. నా వల్లనే గద సచ్చిపోయిండు. నేను ముందటికి రాలె, గోల్ పడ్డది, సార్ లేసిండు. అందరు గదే అన్నరు గద. హెడ్మాస్టర్ సార్ మైకుల గూడ అన్నడు."

నిజం రాస్తాను, ఇది నేను తప్ప ఎవరూ చదవరు. నాకు ముందు జాలి కలగలేదు. ఉక్రోషం వచ్చింది. ఆ కాకి నాది అనుకున్నాను. పదిహేను రోజులుగా పొద్దున్నే లేచి, ఎండలో, బురదలో, నాకు తెలియని ఆట కోసం విజిల్ ఊదుతున్నది ఆ కాకి కోసమే. నా జీవితంలో నా మాటకి అంత ఠక్కున స్పందించింది ఏదీ లేదు.

ఆ తర్వాత, ఇంటికి వచ్చి కూర గిన్నె ముందు నిలబడ్డప్పుడు, సంతాప సభలో నా చప్పట్లు గుర్తొచ్చాయి. ఆ పిల్ల రెండో వరసలో కూర్చుని వాటిని విన్నది.

జూలై 16

చెప్పి చూశాను. గుండెపోటు అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసి, రక్తనాళాలు, కొవ్వు, అన్నీ చెప్పాను. సార్‌కి రెండేళ్లుగా బీపీ ఉందని చెప్పాను. శ్రద్ధగా విన్నది. "సమజైంది మేడం. గని సార్ తిన్నడు గద" అంది.

కాకితో వాదించలేం.

జూలై 17

బడి అయ్యాక స్వరాజ్యం అక్క ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. విని, నోట్లో కొంగు కుక్కుకుంది. "గంత చిన్న పిల్ల గంత బరువు మోస్తున్నదా! ఆయనకు తెలిస్తె మల్ల సస్తడు" అంది. తర్వాత అత్త చెవిలో గట్టిగా అరిచి చెప్పింది.

వెంకటవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నెల దినం నాడు మల్ల పెడ్తం గద. గాడికి తీస్కరా పోరిని. ఇచ్చిన మాట తీస్కునుడు గూడ గాడనే. నా మాట నాకియ్యి అని అడుగుమను. పిట్ట ముడ్తె ఇచ్చినట్టు" అంది.

"ముట్టకపోతే?" అన్నాను. వెంకటవ్వకి వినపడలేదు. మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జూలై 20

రెండుసార్లు స్నానం చేసి కూర్చున్నాను. ఒకటొకటిగా రాస్తాను.

సార్ ఇంటి డాబా మీద పెట్టారు. ముందు ఇంటివాళ్ల విస్తరి. ఈసారి కాకి వెంటనే వచ్చింది, కడుపునిండా తిన్నది, అందరూ తృప్తిగా దండం పెట్టి కిందికి పోయారు. ఆ తర్వాత రుచిత తన ఆకు పెట్టింది. అందులో లోచో. బండి దగ్గర తనే కొనుక్కొచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది. "సార్, నా మాట నాకు వాపస్ ఇయ్యుండ్రి. ఇస్తె తినుండ్రి" అంది.

కాకి పిట్టగోడ మీద కూర్చుని ముక్కు రుద్దుకుంటోంది. చూసింది. దిగలేదు. ఎగిరి కరెంటు తీగ మీదికి పోయింది.

అది కడుపు నిండిన కాకి. ముందు మా ఆకు పెట్టమని అడగాల్సింది. సైన్సు టీచర్ని అయ్యుండి ఆ మాత్రం తట్టలేదు నాకు. రుచితకి అదే చెప్పబోయాను. ఆ పిల్ల నా వైపు చూడకుండానే, "ఇంటోళ్లది తిన్నడు. నాది ముడ్తలేడు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చినా బాగుండేది.

వెయిట్ చేశాం. పావురాలు వచ్చాయి, నేను తోలాను. మబ్బు పట్టింది. రుచిత చెప్పులు వేసుకోవడానికి తిరిగింది. వెళ్లిపోతోంది. ఇంక ఎప్పటికీ అంతే, ఆ గడప, ఆ మడతలు, గోడవైపు తిరిగిన ఆ ముఖం. నాకు సార్ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

"దశరథం గారూ, ఇదేం బాగాలేదు!" అని తీగ వైపు చూసి అరిచాను. "పొద్దున్నే తలుపు కొట్టి లేపింది మీరే. కోణాలు చెప్పింది మీరే. ఇప్పుడు ఈ పిల్ల చెయ్యి పట్టుకుని వదలరా? ఒక ముద్ద తినడానికి అంత బెట్టా మీకు? తినకపోతే మానెయ్యండి!"

వంగి ఆ ఆకు తీసుకుని లోచో తినేశాను. మొత్తం. చల్లారిపోయి ఉంది, గొంతులో అడ్డం పడుతోంది, అయినా తిన్నాను.

వెంకటవ్వ మెట్ల దగ్గర నిలబడి ఉందని నాకు తెలియదు. గుండెలు బాదుకుంది. "అయ్యో పంతులమ్మా, ఉమ్మెయ్యి! పిట్టకు పెట్టిన ముద్ద మనిషి తింటరా? తిన్నోళ్ల మీదికొస్తడు సచ్చినోడు!" అంది.

"రానీ" అన్నాను.

రుచిత ఒక చెప్పు వేసుకుని ఒక చెప్పు చేత్తో పట్టుకుని నన్ను చూస్తోంది. కళ్లు పెద్దవయ్యాయి. నా దగ్గరికి రెండడుగులు వేసింది. నా ముఖంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసి, "సార్?" అంది.

నా చేతిలో ఖాళీ ఆకు ఇంకా ఉంది.

"సార్, గోల్ నా వల్లనే గద పడ్డది?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "బాలు పది మందిని దాటినంకనే నీ దగ్గరికొస్తది బిడ్డా. మీ అమ్మ చీర మడత వెట్టేటప్పుడు దాగు కనవడ్తది. దాగు చేసింది మీ అమ్మనా?"

"కాదు సార్."

"మరి? పో. ముందటికచ్చి నిలవడు."

అప్పుడు ఏడ్చింది. వెంకటవ్వ ఆ పిల్లని పట్టుకుంది. నేను పిట్టగోడ పట్టుకున్నాను. దాగు సంగతి కొమురవ్వ ఇంట్లో విన్నదే, అదే గుర్తొచ్చి ఉంటుంది. యాస పిల్లల దగ్గర అబ్బింది. అన్నిటికీ కారణాలున్నాయి. "బిడ్డా" అని మాత్రం నేను జన్మలో ఎవరినీ పిలవలేదు.

మెట్లు దిగేటప్పుడు రుచిత ఇంకో మాట అడిగింది, చాలా మెల్లగా. "మల్ల గోల్ పడ్తె?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నా మీద ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూడా లేదు.

జూలై 21

కడుపులో బాగానే ఉంది. ఫణికి చెప్పలేదు.

జూలై 23

రుచిత బంతి ముట్టింది. ముందు ఒక వేలు పెట్టింది, పొయ్యి మీది గిన్నె వేడి చూసినట్టు. తర్వాత రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. హారతి విజిలేసింది. హారతికి తన పాత చోటు దొరికినందుకు అందరికంటే ఎక్కువ సంతోషం.

జూలై 25

పొద్దున ఐదింటికి బమ్రోలి వెళ్లి తలుపులు కొట్టాను. కొమురవ్వ తలుపు తీసి, నన్ను చూసి, ఒక్క క్షణం వెనక్కి జరిగింది. "కొట్టుడు గూడ గట్లనే ఉన్నది మేడం" అంది.

జూలై 29

ప్రాక్టీసులో అంతా బాగా ఆపుతోంది. కానీ బంతి దూరం నుంచి వస్తున్నప్పుడు ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను నా మీద. నేను ఎక్కడ నిలబడితే అక్కడికి ఆ చూపు వస్తుంది. అమ్మాయిలు కావాలనే నెమ్మదిగా కొడుతున్నారని తర్వాత గమనించాను. నా టీము రుచితకి గోల్ పడనివ్వడం లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అందరికీ తెలుసు. అవతలి టీముకి తెలియదు కదా.

ఆగస్టు 2

గోల్‌పోస్టు మీద కాకి రావడం మానేసింది. నెల దినం నాటి నుంచి లేదు. ఎక్కడికి పోయిందో నేను ఆలోచించను.

ఆగస్టు 4

ఎడమ వైపు ఛాతీలో సన్నగా నొప్పి. గ్యాసు అయ్యుంటుంది. ఫణి బలవంతాన ఈసీజీ తీయించాడు. అంతా మామూలే అన్నారు. "చూశావా, ఏం లేదు" అన్నాడు. నేను చూస్తున్నది ఆ కాగితం కాదని అతనికెలా చెప్పను. ఎల్లుండి మ్యాచ్.

ఆగస్టు 6

ఓడిపోయాం. ఒకటి సున్నా. సెలక్టర్లు రుచిత పుట్టినతేదీ సర్టిఫికెట్టు అడిగి తీసుకున్నారు. ఊరికే అడగరని సదానందం గారంటున్నారు. ఆ రెండూ అలా ఉంచితే, రాయాల్సింది ఒక్కటే.

గ్రౌండు చుట్టూ జనం. బమ్రోలి నుంచి తల్లులు చీర మడతలు వదిలి వచ్చారు. స్వరాజ్యం అక్క వచ్చింది, వెంకటవ్వని కూడా కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. వెనకున్న తల్లులకి అడ్డం రాకూడదని, ఈ నెలన్నరలో మొదటిసారి, నేను క్రేటు మీద కూర్చున్నాను. హారతి నా వైపు చూసి, వంగి బూటు లేసు మళ్లీ కట్టుకుంది.

మొదటి సగం రుచిత అన్నీ ఆపింది. ముందుకొచ్చి ఆపింది, పక్కకి దూకి ఆపింది. సెలక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం చూశాను. రెండో సగంలో వాళ్ల పొడుగు పిల్ల హారతిని దాటింది, ఇంకో ఇద్దరిని దాటింది. రుచిత ముందటికొచ్చింది. సరిగ్గానే వచ్చింది. అయినా బంతి వేళ్లకి తగిలి లోపలికి పోయింది.

గోల్.

గ్రౌండులో సగం మంది అరిచారు. మా సగం అరవలేదు. రుచిత వెనక్కి తిరిగి బంతి చూడలేదు. నా వైపు తిరిగింది. హారతి తిరిగింది. పదకొండు మందీ తిరిగారు. గట్టు మీద తల్లులందరూ తిరిగారు. వెంకటవ్వ ఏదో అరిచింది, స్వరాజ్యం అక్క ఆమె నోరు మూసింది.

క్రేటు మీద ఉన్నాను. లేవాలి. కూర్చునే ఉంటే ఆ పిల్లకి ఎప్పటికీ తెలియదు. గుండె ఎక్కడుందో నాకు బాగా తెలుస్తోంది. నేను సైన్సు టీచర్ని, ఈసీజీ మామూలుగా ఉంది, నా మీద ఎవరూ లేరు అనుకున్నాను. ఉంటే, సార్, జర పట్టుకోండి అని కూడా అనుకున్నాను.

లేచాను. చెయ్యెత్తాను.

రుచిత చూస్తూనే ఉంది. నేను ఎత్తిన చెయ్యి దించలేదు. ఎంతసేపో తెలియదు. రిఫరీ విజిల్ ఊదాడు, మళ్లీ ఊదాడు. అప్పుడా పిల్ల గోల్ లోపలికి నడిచి, వంగి, నెట్టులోంచి బంతి తీసి, రెండు చేతులతో మధ్య గీత దాకా విసిరింది.

మ్యాచ్ అయ్యేదాకా నేను కూర్చోలేదు.